సైమా పోసిన గరిటెడు నీళ్ళు

రాగి గని కంపెనీ ఏజెంటు స్పార్గో ఇల్లు ఖాళీ చెయ్యమనే నోటీసు పట్టుకొచ్చిన రోజున సైమా రౌతియో సౌనాలో, అంటే తన ఆవిరిస్నానాల కొట్టంలో ఉంది. ఆ రోజు శనివారం. పై బల్ల మీద ఆమె, ఆమె పక్కన నేను, కింది బల్ల మీద ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. పొయ్యి మీద రాళ్ళు కణకణలాడుతున్నాయి. సైమా మొగుడు కల్లె గనిలో బండ విరిగిపడి పోయి అప్పటికింకా నెల తిరగలేదు. గనిలోకి దిగే మగవాడు లేని ఇంటిని కంపెనీ ఎవరికీ ఉంచదు. అయితే నోటీసు మనిషి చేతికే ఇవ్వాలి, తలుపుకి అంటిస్తే చెల్లదు. అందుకని స్పార్గో బయట మంచులో నిలబడి పిలిచాడు.

"సైమా, ఒకసారి బయటికి రావమ్మా. కాగితం ఉంది."

"ఒంటి మీద నూలుపోగు లేదయ్యా. నువ్వే లోపలికి రా."

"ఆడవాళ్ళున్న చోటికి నేనెట్లా వస్తాను?"

"మా ఇళ్ళల్లోకి అడక్కుండానే వస్తారుగా మీ కంపెనీవాళ్ళు. అట్లాగే రా. ఇది కల్లె కొట్టిన దుంగలతో కట్టింది, మీ ఇల్లు కాదు. ఇక్కడ మాత్రం నేను రమ్మంటేనే రావాలి. రమ్మంటున్నాను."

స్పార్గో టోపీ కళ్ళ మీదికి లాక్కుని, ఉన్ని కోటుతో, బూట్లతో లోపలికి వచ్చాడు. కాగితం ముందుకి చాచాడు. సైమా కర్ర గరిటెతో తొట్టిలో నీళ్ళు ముంచి రాళ్ళ మీద పోసింది. ఆవిరి బుస్సుమని లేచి ఆ మనిషిని నిలువునా కమ్మేసింది. అతని చేతిలో కాగితం తడిసిన రొట్టెముక్కలా వాలిపోయింది. సిరా అంతా కారి వేళ్ళ మధ్య నీలంగా అంటుకుంది.

"ఏం రాశారో చదువు నాయనా, నాకు చదువు రాదు" అంది సైమా.

చదవడానికి అందులో ఏమీ మిగల్లేదు. స్పార్గో తలుపు వేసుకోవడం కూడా మరిచి పరిగెత్తాడు. ఆ సంగతి చెప్పుకుని గని అంతా చలికాలం పొడుగునా నవ్వింది. సిగ్గుపడో ఏమో అతను రెండో నోటీసు తేలేదు. సైమా ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

అలాంటి మనిషి సైమా. ఎముకలు లావు, మాట కరుకు. కూసెలా ఊళ్ళో పిల్లలు ఆమె సౌనాలోనే పుట్టేవారు, పోయినవాళ్ళని అక్కడి బల్ల మీదే కడిగేవారు. అక్కడ అబద్ధం ఆడకూడదని, గొంతు పెంచకూడదని, గుడిలో లేని భయం మాకు అక్కడ ఉండేది. కల్లెని కూడా ఆ బల్ల మీదే పడుకోబెట్టారు. ఛాతీ నుజ్జయిన ఆ శవాన్ని ఆమె చూడకుండా మరిది ఓన్నీ అడ్డం నిలబడ్డాడు. "నువ్వు బయట కూర్చో వదినా, అన్నని నేను కడుగుతాను" అన్నాడు. ఒక్కడే కడిగాడు, ఒక్కడే బట్టలు తొడిగాడు. ఆ తరువాత ఆమె వాడిని మరిది అనలేదు, తమ్ముడే అంది.

ఓన్నీ కాస్త చదువుకున్నవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఊరి గుమాస్తాగా ఊరి హాలు వెనక గదిలో ఉండేవాడు. హాలుకీ సైమా సౌనాకీ మధ్య కట్టెల కుప్ప ఒక్కటే అడ్డం.

మా సుపీరియర్ ప్రాంతం మిషిగన్ రాష్ట్రం నుంచి విడిపోయి వేరే రాష్ట్రమైనప్పటి నుంచి గవర్నర్ కుర్చీలో కంపెనీ మనిషే కూర్చున్నాడు. ఆ ఏడు మొదటిసారి అటువైపు కంపెనీ నిలబెట్టిన పెంగెల్లీ, ఇటువైపు లుండ్ అని గట్టి పోటీ పడింది. గనుల్లో పైకప్పుకి ఆనించే దూలాలని ఏటా సర్కారు మనిషి వచ్చి తట్టి చూసే చట్టం తెస్తానన్నాడు లుండ్. కల్లె మీద పడిన బండ కింద దూలం పుచ్చిపోయి ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు. కూసెలాలో పెంగెల్లీకి ఓటు వేసేవాడు దొరకడం కష్టం.

ఓట్ల రోజున సరస్సు మీది నుంచి మంచుతుఫాను దిగింది. జనం నడుముల దాకా తడిసి వచ్చి హాల్లో నిలబడ్డారు. సర్కారు ఇచ్చిన, తడిపితే సిరాలా రాసే ఊదా పెన్సిలు నాలిక మీద తడిపి గుర్తు పెట్టారు. చీటీలో ఎడమవైపు లుండ్, కుడివైపు పెంగెల్లీ. మధ్యకి మడిచి పెట్టెలో వేశారు. సాయంత్రానికి దారి మూసుకుపోయింది. తెల్లవారేసరికి హాలు పైకప్పు ఒక మూల దిగబడి, పెట్టె మీద మంచు కురిసి కరిగి కారుతోంది.

ఓన్నీ పెట్టెని గుండెలకి ఆనించుకుని సైమా దగ్గరికి వచ్చాడు.

"వదినా, ఇది తడిసిపోయింది. దారి తెరుచుకునేదాకా ఎక్కడ పెట్టను?"

"ఎక్కడ పెడతావు? సౌనాలోనే. అంతకన్నా శుభ్రమైన చోటు ఈ ఊళ్ళో ఉందా?"

"ముద్ర చెదరకూడదు."

"నీ ముద్రని నేను తింటానా? వెళ్ళి పైకప్పు సంగతి చూసుకో."

తడిసిన పిండిసంచీ అయినా, చేతితొడుగులైనా, చంటిపిల్ల గుడ్డలైనా మేము అక్కడే ఆరబెడతాం. సైమా పెట్టెని పై బల్ల మీద పెట్టి పొయ్యి రాజేసింది. రాళ్ళు కాలాయి. పెట్టె చెక్కమీద తడి తగ్గుతూ వచ్చింది. ఒక పక్క ఆరిందో లేదో చూద్దామని ఆమె లోపలికి వెళ్ళింది. వేడి ముఖానికి తగిలింది. చేయి దానంతట అదే గరిటె అందుకుంది. పుట్టినప్పటి నుంచీ వేడి సౌనాలో అడుగుపెట్టి రాళ్ళ మీద నీళ్ళు పొయ్యకుండా నిలబడిన మనిషి కాదు సైమా. మాలో ఎవరమూ కాదు. ఆవిరి లేచాక గానీ పై బల్ల మీద కూర్చున్నది మనిషి కాదని ఆమెకి గుర్తు రాలేదు.

గబగబా తలుపు తెరిచింది. పెట్టెని బయటికి తెచ్చి గౌను అంచుతో తుడిచింది. ముద్ర చెక్కు చెదరలేదు. ఓన్నీ వచ్చి పైన ఆరిందని సంతోషించి తీసుకుపోయాడు.

జిల్లా కేంద్రంలో పెట్టె తెరిచారు. చీటీలన్నీ మెత్తబడి మళ్ళీ ఎండి ఉన్నాయి. ఊదా రంగు చెమ్మకి కరిగి, మడత మీదుగా అవతలి వైపుకి దిగింది. ప్రతి చీటీ మీదా లుండ్ పేరు పక్కన ఒక గుర్తు, పెంగెల్లీ పేరు పక్కన ఇంకో గుర్తు. రెండు గుర్తులున్న చీటీ చెల్లదు. రాష్ట్రమంతా లెక్క తేలాక ఇద్దరి మధ్య తేడా కూసెలా ఓట్ల కంటే తక్కువని తెలిసింది. రాజధానిలో ఇద్దరూ గవర్నరుగా ప్రమాణం చెయ్యడానికి కోట్లు కుట్టించుకుంటున్నారని పేపరు వాళ్ళు రాశారు.

పెంగెల్లీ మనుషులు పెట్టెని రద్దు చెయ్యమన్నారు. లుండ్ మనుషులు కంపెనీ లంచం ఇచ్చి రెండో గుర్తు పెట్టించిందన్నారు. లంచం తిన్నది ఎవరని అడిగితే చూపించడానికి ఒకే మనిషి ఉన్నాడు. షెరీఫ్ వచ్చి ఓన్నీని తీసుకెళ్ళాడు. పెట్టె తన చేయి దాటలేదని వాడు బైబిలు మీద చేయి పెట్టి ప్రమాణం చేశాడు.

ఆ మాట విన్న రోజు నుంచి సైమాకి తిండి సహించలేదు. నీలం సిరా కారిన స్పార్గో వేళ్ళు కళ్ళ ముందు ఆడేవి. పెట్టెకి ఆవిరి తగిలిందని ఊరికి తెలియకపోవచ్చు, ఆ కాగితం గతి చూసిన తనకి తెలియదా. గుమ్మం ముందు షెరీఫ్ మనుషులు ఇద్దరు మంటేసుకుని కూర్చున్నారు. హాలుకి కాపలా అట. ఆమె కట్టెలకి వెళ్ళినా వెనకాలే చూసేవారు. చుట్టూ మంచు కిటికీల దాకా పేరుకుంది.

బండి దొరకగానే ఆమె జైలుకి వెళ్ళింది. ఓన్నీ గడ్డం పెరిగి ఊచల వెనక నిలబడ్డాడు.

"రొట్టె తెచ్చాను. తిను" అంది.

"నువ్వు ఎందుకు వచ్చావు వదినా? ఎవరైనా అడిగారా?"

"అడగలేదు. నేనే చెబుదామని వచ్చాను. ఆ నీళ్ళు పోసింది నేను."

ఓన్నీ కాసేపు ఆమె చేతుల వంకే చూశాడు. తరువాత నవ్వాడు. "పోశావా? నేను కూడా పోసేవాణ్ణేలే. నోరు మాత్రం విప్పకు."

"నిన్ను దొంగంటున్నారు తమ్ముడూ."

"అననీ. పెట్టె నా చేయి దాటిందంటే ఆ ఓట్లు ఎటూ చెల్లవు. దాటలేదంటే ముదురుగా ఉన్న గుర్తుని లెక్కేస్తారేమో. అన్నని చంపిన పుచ్చు దూలం గుర్తుందా నీకు?"

జైలు నుంచి ఆమె లుండ్ తరఫు వకీలు హాస్కెల్ దగ్గరికి వెళ్ళి ఉన్నది చెప్పింది. అతనూ అదే మాట ఇంకొంచెం తీపిగా చెప్పాడు. "మీరు చెబితే మీ మరిది బయటికి వస్తాడు, లుండ్ ఇంటికి పోతాడు. చెప్పకపోతే ఒక్క మనిషి కొన్నాళ్ళు లోపల ఉంటాడు, గనిలో వెయ్యిమంది ప్రాణాలు నిలుస్తాయి. ఆలోచించుకోండమ్మా."

"కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళయ్యా?"

వకీలు చేతితొడుగులు వేసుకోవడం మొదలుపెట్టాడు.

ఎటు తిరిగినా గోడే. నోరు విప్పితే కల్లెని చంపిన దూలాలు అలాగే ఉంటాయి. మూసుకుంటే కల్లెని కడిగిన చేతులకి సంకెళ్ళు. ఇంట్లో కాఫీ కాచుకుని తాగడం మరిచిపోయేది. పొయ్యి రాజెయ్యడానికి మనసొప్పేది కాదు. అయినా శనివారం వచ్చిందని, ఊరు వస్తుందని రాజేసింది.

ఊరు వచ్చింది. ముందు మగవాళ్ళ వంతు, తరువాత మాది. పై బల్ల మీద నేను, రైలు స్టేషను దగ్గర కొట్టు నడిపే లెంపీ కూర్చున్నాం. సైమా కింద తొట్టి దగ్గర కూర్చుంది. ఎప్పుడూ కింద కూర్చోదు.

"నీళ్ళు పొయ్యవేమే?" అంది లెంపీ.

"నువ్వే పోసుకో."

లెంపీ గరిటె అందుకుని పోసింది. ఆవిరిలో కళ్ళు మూసుకుని మాట్లాడటం మొదలుపెట్టింది. "ఆ ఓన్నీకి ఎంత ముట్టిందోనే. కొత్త బూట్లు కూడా కొనుక్కోలేదు, దాచాడన్నమాట. వాడు బయటికొస్తే ఈ గుమ్మం ఎక్కనివ్వకూడదని మా ఆయనా వాళ్ళూ అనుకున్నారు. బతికుండగా స్నానానికి పిలవద్దు, చచ్చాక ఈ బల్ల మీద కడగద్దు. కుక్కని పారేసినట్టు పారెయ్యడమే."

"ఈ బల్ల మీదా?" అంది సైమా.

"ఈ బల్ల మీదే. ఏం, నీ మరిదని జాలా?"

సైమా లేచి నిలబడింది. లెంపీ కూర్చున్న చోటునే చూసింది. కల్లెని పడుకోబెట్టింది అక్కడే. పెట్టె పెట్టింది అక్కడే. ఏదో గట్టిగా అంటుందని నేను చూశాను. సౌనాలో గొంతు పెంచకూడదు కాబట్టి పెంచలేదు.

"నువ్వు కూర్చున్న చోట పెట్టె పెట్టింది నేను. నువ్విప్పుడు పోసినట్టే నీళ్ళు పోసింది నేను. వాడి చేతికి ఏమీ ముట్టలేదు, బూట్లు కొనుక్కోనిది అందుకే."

లెంపీ బల్ల దిగి అంది, "ఇది బయట అంటే లుండ్ పోతాడే సైమా. ఊరు నిన్ను ఉంచుతుందా?"

"ఉంచదు."

"మరి ఎందుకు చెప్పడం?"

"ఇక్కడ అబద్ధం ఆడకూడదు కదా. మీరంతా ఇక్కడ కూర్చుని వాణ్ణి దొంగంటూ ఉంటే నేను పక్కన కూర్చుని స్నానం చెయ్యాలా, నా చేత కాదు."

లెంపీ తల తుడుచుకోకుండానే బట్టలు చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆ కబురు మా కంటే ముందే ఊళ్ళోకి చేరుతుందని మాకు తెలుసు. మేమిద్దరం మిగిలాం. రాళ్ళు చల్లబడుతున్నాయి. సైమా బట్టలు వేసుకుని, జడ అల్లుకుని, కల్లె ఇచ్చిన పాత శాలువా తీసి భుజాల మీద వేసుకుంది. తెల్లవారితే పాల బండి జిల్లా కేంద్రానికి వెళుతుంది. జడ్జీ దగ్గరికి దానిలో వెళతానంది. పెట్టెని ముట్టుకున్నందుకు తనని లోపల పెడతారని ఆమెకి తెలుసు.

గుమ్మం దగ్గర ఆగింది. మేకుకి తగిలించిన కర్ర గరిటె తీసి నా చేతిలో పెట్టింది.

"వాణ్ణి వదిలాక శనివారం ఇక్కడ పొయ్యి నువ్వు రాజెయ్యి. ఊళ్ళో ఎవరూ రారు, రాకపోతే పోనీ. వాణ్ణి మాత్రం నువ్వే వెళ్ళి, వీధిలో అందరూ వినేట్టు పేరు పెట్టి పిలువు. పై బల్ల మీద కూర్చోబెట్టు. మొదటి నీళ్ళు వాడి చేత పోయించు."