మల్లవ్వ ఖోలీలో రెండు ప్లగ్గులు

కామాఠిపురాలో మా గల్లీలోకి పొద్దున్నే ఒక ఆకుపచ్చ టీషర్టు వస్తే జనం ఫ్యాన్లు ఆపేసి తలుపులు దగ్గరికి వేసుకుంటారు. ఆ టీషర్టులో ఉండేది నేనే. వీపు మీద ‘ఊర్జా మిత్ర’ అని రాసి ఉంటుంది, అంటే కరెంటు దోస్తు అన్నమాట. ముందువైపు కంపెనీ వాళ్లు ఒక మొలకను అచ్చు వేయించారు. నా పొట్ట పుణ్యాన అది ఏడాది తిరక్కుండానే చెట్టయింది.

నా పేరు శివరాం. మా తాత పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో రాళ్లు మోశాడు. మా నాయన సిమెంటు మోశాడు. నేను పదో తరగతి గట్టెక్కాను గనక ఒక సంచీ, ఒక పెన్నూ మోస్తూ ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసేవాణ్ణి. ఆ తర్వాత తన లెక్క తానే ఆఫీసుకు పంపుకునే మీటర్లు వచ్చాయి. నన్ను చూసి అవి నవ్వుతున్నట్టే ఉండేది. అయినా కంపెనీ మమ్మల్ని ఒక్కసారిగా రోడ్డున పడేయలేదు. పర్యావరణం, వినియోగదారులు, బస్తీల బాగు అంటూ ఒక కొత్త విభాగం పెట్టి, కాంట్రాక్టు మీద అందులోకి తోసింది. కరెంటు ఎలా పొదుపు చేయాలో జనానికి చెప్పడం నా పని. చెప్పడంలో నాకు ఎదురు లేదు. వినేవాళ్లే లేరు.

ఈ ఏడు కాంట్రాక్టు కొత్తగా రాసే ముందు ఒక షరతు వచ్చింది. ప్రతి ఊర్జా మిత్రా తన ఇలాకాలో అందరికంటే తక్కువ కరెంటు వాడే ఇంటిని వెతికి, వాళ్లకు సన్మానం చేయించి, దాన్ని వీడియో తీయించాలి. అలా చూపించలేనివాళ్లు టీషర్టు వెనక్కి ఇచ్చేయాలి. యాభై దాటిన మీటరు మనిషికి ఇంకెక్కడా పని దొరకదు. నాకు భయం పట్టుకుంది, ఆ ముక్క దాచుకోను.

ఆఫీసు కంప్యూటర్‌లో చూస్తే గదికో కాపురం ఉండే మా చాల్‌లోనే, మా అంతస్తులోనే, గ్యాలరీ చివరి ఖోలీ తేలింది. అది మల్లవ్వది. నెలకు ఆమె వాడేది చూసి, మీటరు పాడైందేమో చూసి రమ్మని మనిషిని కూడా పంపారట. మీటరు బాగానే ఉంది. మల్లవ్వే అంత.

మల్లవ్వ బుచ్చన్న పెండ్లాంగా ఈ చాల్‌కు వచ్చింది. మొగుడూ పెళ్లాలిద్దరూ వర్లిలో మిల్లులు కూల్చి కట్టిన బిల్డింగులకు సిమెంటు మాలు మోశారు. బుచ్చన్న జబ్బు చేసి పోయాక ఆమె మున్సిపాలిటీ బడిలో ఆయాగా చేరి, చీమిడి ముక్కులు తుడిచి, పెన్షన్‌తో దిగింది. కూతురు కళ్యాణ్‌లో ఉంటుంది. ఆషాఢంలో పోచమ్మకు బోనం ఎత్తితే ముందు నడిచేది మల్లవ్వే. నోరు మాత్రం మహా చెడ్డది. మెట్ల మీద ఉమ్మినవాడి ఏడు తరాలూ ఆ నోట్లో నానుతాయి.

ఆమె గుట్టు నాకు తెలుసనుకున్నాను. పిసినారితనం. పెరుగు గిన్నె పక్క ఖోలీ స్నేహల్ ఫ్రిజ్‌లో పెడుతుంది. టీవీ చూడ్డానికి అదే గ్యాలరీలో ఉండే దుర్గయ్య ఇంటికి పోతుంది. సెల్‌ఫోన్ చార్జింగ్‌కు మాత్రం రోజూ పొద్దుగూకగానే నా ఖోలీకి వస్తుంది. ఫోన్‌ను ప్లగ్గుకు తగిలించి, “నిండేదాక కూసుంట” అని గోడకు ఆనుకుంటుంది. కూర్చున్న మనిషి ఊరుకోదు. గిన్నెల మూతలు తీసి చూస్తుంది. పప్పులో ఉప్పు లేదంటుంది, నిన్నటి అన్నం ఇయ్యాల ఎందుకు తింటున్నావంటుంది. వాడకట్టు సంగతులన్నీ చెబుతుంది. నా కరెంటుతో ఒక ముసలామె ఫోన్ నిండుతోంది గదా అని నేను లోలోపల పెద్ద దాతనై పోయి ఆ సొద భరించేవాణ్ణి. మొబైల్ నిండాక ప్లగ్గు పీకకపోతే కరెంటు వృథా అని ఆమెకు ఒకసారి పాఠం కూడా చెప్పాను.

పాఠాలు చెప్పే ఈ పెద్దమనిషి ఖోలీలో మాత్రం టీవీ పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. మా ఆవిడ కవిత పోయి రెండేళ్లు. తలుపు తీయగానే లోపల ఏదో ఒక గొంతు వినపడకపోతే నాకు కాలు లోపలికి పడదు. అందుకని టీవీ ఆపకుండానే ఊళ్లో వాళ్లను టీవీలు ఆపమని చెప్పడానికి వెళ్లేవాణ్ణి.

సరే, సన్మానం. వీడియోలో మల్లవ్వ తెలుగులో మాట్లాడితే కంపెనీ మన బస్తీని గౌరవించినట్టు ఉంటుందని, పక్కనే నిలబడి నేను మరాఠీలోకి మారుస్తానని ఆఫీసులో చెప్పాను. అది నా సొంత తెలివి, ఇంకెవరి మీదా తోయను. నేను కూడా వీడియోలో పడతాను గదా అని ఆశ. మల్లవ్వకు నాలుగు రోజులు తర్ఫీదు ఇచ్చాను. “సూర్యుడితో లేస్త, సూర్యుడితో పండుకుంట, రాబోయే పిల్లల కోసం కరెంటు మిగులుస్త” అని అప్పజెప్పించాను. ఆమె బడి ఆయా, చక్కగా అప్పజెప్పింది.

ఆదివారం పొద్దున చాల్ కింద పోచమ్మ గుడి పక్కన కుర్చీలు వేశారు. కంపెనీ నుంచి దర్శన మేడమ్ వచ్చింది. బస్తీల పనులన్నీ చూసేది ఆమే, నా కాంట్రాక్టు మీద సంతకం పెట్టాల్సిందీ ఆమే. వచ్చిన వెంటనే మైకు పట్టుకుని, ఈ చాల్‌లో అందరికంటే తక్కువ కరెంటు వాడేది ఎవరో మీకు తెలుసు, అందరికంటే ఎక్కువ వాడేది ఎవరో తెలుసా అని నవ్వుతూ అడిగింది. జనం ఆలోచించే పని కూడా పెట్టుకోలేదు. అందరి తలలూ ఆకుపచ్చ టీషర్టు వైపు తిరిగాయి. నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా ఆకుపచ్చ వేసుకున్నారేమోనని.

తర్వాత మల్లవ్వను కుర్చీలో కూర్చోబెట్టారు. మేడమ్ నేను నేర్పిన ప్రశ్న అడగలేదు. సాయంత్రం అయ్యాక ఆ చీకటి ఖోలీలో మీకు భయం వేయదా అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. మల్లవ్వ సూర్యుణ్ణి మరిచిపోయింది.

“నేను ఖోలీల ఉంటెగద కరెంటు కాలేది. స్నేహల్ కొత్త కోడలు. మొగడు డ్యూటీకి పోతే దినమంత ఒక్కతే కూసుంటది. పెరుగు గిన్నె ఆడ పెడితె పొద్దుగాల ఒకపారి, మాపటికొకపారి పోవచ్చు. ఊకె పోతె ఏం బాగుంటది?”

ఇరుగుపొరుగుతో కలిసి వస్తువులు వాడుకునే మంచి అలవాటు ఉందంటున్నారని నేను మరాఠీలో సర్దాను. మేడమ్ తలూపింది. స్నేహల్‌కు తెలుగు రాదు, తన పేరు విని ఊరికే నవ్వింది.

“దుర్గన్నకు కాళ్లు పడిపోయినయి. ఆ సీరియల్ నాకేం సమజైతది? పక్కన ఒక మనిషి కూసుంటె ఆయన బుక్కెడు బువ్వ ఎక్కువ తింటడు.”

ఒకే టీవీ నలుగురూ చూస్తే పొదుపు అంటున్నారని చెప్పాను. మనిషి దిగజారడం మొదలుపెడితే ఎక్కడా ఆగడు.

అప్పుడు మల్లవ్వ నా వైపు వేలు చూపించింది.

“వీని పెండ్లాం పోయినకాడికెల్లి వీని ఖోలీల ఎవ్వరు లేకున్న టీవీ ఒర్లుతనే ఉంటది. వీడు వండుకున్నడా, తిన్నడా, ఎట్ల చూడాలె? గందుకె ఫోను తీస్కపోత. లేకుంటె నాకేం తక్కువ? నా ఖోలీల రెండు ప్లగ్గులున్నయి.”

మాటలు మార్చడం నా వంతు. ఇన్నేళ్లుగా చెవిలో జోరీగలా జనాన్ని వాయించినవాణ్ణి, ఒక్క మాట దొరకక నిలబడిపోయాను. మేడమ్ నా వైపు చూసింది, జనం చూశారు, కెమెరా కూడా చూసింది. మల్లవ్వ ఇక వీడితో కాదని, మొత్తం మొదటి నుంచీ తానే మరాఠీలో చెప్పింది. నేను సర్దిన అబద్ధాలన్నీ వరసగా బయటపడ్డాయి. ఆమె మరాఠీ నాదానికంటే శుభ్రంగా ఉంది. స్నేహల్ ఈసారి నవ్వలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాంట్రాక్టు పోయిందనే అనుకున్నాను. పోలేదు. తక్కువ వాడినవాళ్లకే బహుమానం అన్నది కంపెనీ రూలు, ఇచ్చేశారు. వీడియో పైవాళ్లకు బాగా నచ్చిందట. నా టీషర్టు ఇంకో ఏడాది నాకే మిగిలింది. నీ టీవీ సంగతి కాస్త చూసుకో అని మాత్రం మేడమ్ మెల్లగా అంది. బహుమానం సోలార్ లాంతరు. పగలంతా ఎండలో పెడితే చాలు, ఇల్లంతా వెలుతురు, దానికే సెల్‌ఫోన్ చార్జింగ్ కూడా. దాన్ని ఎలా వాడాలో మల్లవ్వకు నేర్పినవాణ్ణి నేనే. తగిలించి చూపించాను, ఫోన్ నిండింది, ఎంతో గర్వపడ్డాను.

ఆ సాయంత్రం ఆమె రాలేదు. మర్నాడూ రాలేదు. ఇక దేనికి వస్తుంది? సాకు ఊరందరి ముందూ చెప్పేసింది, ఉన్న ఒక్క అవసరాన్నీ నేను దగ్గరుండి తీర్చాను. స్నేహల్ తెలివైన పిల్ల, తానే మల్లవ్వ ఖోలీకి పోయి పెరుగు గిన్నె తెచ్చుకుంటోంది. దుర్గయ్య కోడలు గ్యాలరీలో నిలబడి సీరియల్ వేళైందని కేకేస్తోంది. నాకు మాత్రం మొహమాటం. పిలిస్తే ఏమనుకుంటుంది, ఏమని పిలవాలి? పప్పు వండాను. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పే మనిషి లేదు. టీవీ ఆపి చూశాను. ఖోలీ ఇంత చిన్నదైనా ఇంత ఖాళీ ఎక్కడ పట్టిందో అర్థం కాలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆకుపచ్చ టీషర్టుతోనే ముఖం తుడుచుకున్నాను.

మూడో నాడు పొద్దుగూకగానే నా సెల్‌ఫోనూ చార్జరూ పట్టుకుని గ్యాలరీ చివరికి నడిచాను. మల్లవ్వ లాంతరు ముందు కూర్చుని మెంతికూర తుంచుతోంది.

“అవ్వా, మా ఖోలీల ప్లగ్గు ఖరాబైంది” అన్నాను.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని నా ఫోన్ తీసుకుంది. వెలిగించి చూసింది. అది నిండుగా ఉంది. ఆ సంగతి నేనైనా చూసుకోవాల్సింది.

మల్లవ్వ ఫోన్‌ను గోడ ప్లగ్గుకు తగిలించి, తుంచాల్సిన మెంతికూర సగం నా ముందుకు తోసింది.

“నిండేదాక కూసో” అంది.