తీసిన రేకును మళ్ళీ పెట్టించిన మనిషి

మా ఉస్తాద్ పోయాడన్న కబురు నాకు జనగామ బస్టాండులో అందింది. అప్పుడు నా చేతిలో మైసూర్‌పాకు డబ్బా, చంకలో గుండ్రంగా చుట్టిన డ్రాయింగు కాగితం ఉన్నాయి. పక్కన నా బిడ్డ. తొర్రూరు బస్సు కోసం నిలబడి ఉన్నాం. ఆయన ఊరు తొర్రూరు దాటి మరిపెడ పోయే దారిలో ఉంటుంది. మేం పోతున్నది ఆయన దగ్గరికే. ఫోను మోగితే, తెరమీద ఆయన నంబరు చూసి, ఆయన అడగకముందే "ఉన్నది ఉస్తాద్, శీల ఉన్నది" అని గట్టిగా అన్నాను.

అవతల ఉన్నది ఆయన భార్య, మా వదిన. "మీ ఉస్తాద్ లేడు తమ్మీ. తెల్లారంగ పోయిండు" అన్నది.

మిఠాయి డబ్బాను ఏం చేయాలో తెలియలేదు. పారేయలేను, పట్టుకొని పోలేను. నా బిడ్డే దాన్ని నా చేతిలోంచి తీసి సంచిలో వేసుకుంది.

నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. భూపాలపల్లి దిక్కున ఒక బొగ్గుబాయిలో ఫిట్టరుగా చేసి, మొన్న ఎండాకాలంలో రిటైరై ఘనపూర్‌లో వ్యవసాయం చూసుకుంటున్నాను. రాయడం నాకు అలవాటు లేదు. కానీ ఆయన గురించి నేను చెప్పకపోతే చెప్పేవాళ్లు తక్కువ. దుఃఖం రాయాల్సిన చోట మధ్యమధ్య నా బిడ్డ గురించిన సంతోషం పొంగుకొస్తుంది. మన్నించండి. ఆపుకోవడం నా వల్ల కావడం లేదు.

ఉస్తాద్ మా వర్క్‌షాపు పెద్ద. వెల్డింగు పని ఆయన చేతిలో పుట్టినట్టుండేది. చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క. ఏదైనా చెప్పాలంటే వంగి నేల మీద గీసేవాడు. నచ్చకపోతే కాలితో చెరిపేసేవాడు. మాటకంటే గీత ఎక్కువ, గీతకంటే చెరుపుడు ఎక్కువ.

బాయి లోపల బొగ్గు ఎత్తిపోసే లోడరు బండ్లు ఉంటాయి. బురదలో కూర్చున్న బర్రెలాగా పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది ఒక్కో బండి. లారీకి మడ్‌గార్డు ఉన్నట్టు దాని చక్రాల మీద ఇనుప కప్పు ఉంటుంది. మేం దాన్ని రేకు అంటాం. చక్రం కింద నలిగిన రాయి ఎగిరి డ్రైవరుకు తగలకుండా ఆపేది ఆ రేకే. టైరు మార్చాలన్నా, బ్రేకు చూడాలన్నా ముందు దాన్ని విప్పాలి. ఎనిమిది బోల్టులు. బాయి నీళ్లకు అవి నెల తిరక్కుండానే తుప్పు పట్టి నట్టుతో ఒకటైపోయేవి. పైన అయితే గ్యాసుతో కోసేస్తాం. కింద నిప్పు ముట్టించే వీల్లేదు, బొగ్గులోంచి మండే గాలి వస్తుంటుంది. కాబట్టి బురదలో పక్కకు ఒరిగి పడుకొని, టోపీ దీపం వెలుగులో, బ్లేడుతో చేత్తో కోయాలి. మళ్ళీ బిగించడం ఇంకా కష్టం. గోడలకు గుద్దుకొని రేకు వంకరపోయి ఉంటుంది, ఒక రంధ్రం కలిస్తే ఇంకోటి కలవదు. అందుకని మేం అందరం ఒకే తప్పు చేసేవాళ్లం. విప్పిన రేకును గోడకు ఆనించి, వచ్చే షిఫ్టువాళ్లు పెడతారులే అని పైకి వచ్చేసేవాళ్లం.

ఒకరోజు ఆ తప్పు నా వంతుకు వచ్చింది. టైరు మార్చేసరికి షిఫ్టు అయిపోవచ్చింది. రేకు ఎత్తి పట్టుకొని ఆయాసపడుతుంటే బండి డ్రైవరే అన్నాడు: "ఉండనియ్యి అన్నా. ఒక్క షిఫ్టే గద, ఏమైతది? నీ నడుమిరిగేటట్టున్నది." పెళ్లయి ఏడాది కూడా కాని మనిషి. నేను సరే అన్నాను. రేకును గోడకు ఆనించాను. అతను మరునాడు అదే బండి ఎక్కాడు. చింతగింజంత రాయి ఎగిరి అతని కుడి కంట్లో కొట్టింది. కన్ను నిలవలేదు.

విచారణలో జరిగింది జరిగినట్టు చెప్పాను. కొన్నాళ్లు పనిలోంచి పక్కన పెట్టారు. అది నాకు బాధ కాదు. దవాఖానలో కట్టుతో పడుకున్న ఆ డ్రైవరు, "నేనే వద్దన్న గద అన్నా, నువ్వేం జేస్తవు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం ఉస్తాద్ మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గడప దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"రేకు ఎందుకు పెట్టలే?"

"చాతగాలె ఉస్తాద్."

"తప్పు నీదే. కాదంటలేను" అన్నాడు. "గని ఇను. విప్పెతందుకు కష్టమైన దాన్ని ఎవడు మళ్ల పెట్టడు. తేలిగ్గ విప్పొస్తెనే మళ్ల పెడ్తరు. గా రేకు గట్లనే ఉంటె రేపు ఇంకోని తోని గూడ గిదే తప్పు చేయిస్తది."

మా బిడ్డ అప్పుడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతోంది, సెలవులకు ఇంట్లో ఉంది. చాయ్ తెచ్చి ఇస్తూ, "పెద్దబాపూ, అసలు బోల్టు లేకుంటనే పెట్టరాదా?" అని అడిగింది.

ఆయన నవ్వాడు. "బోల్టు లేకుంట ఎట్ల నిలవడ్తది బిడ్డా? మీ బాపును పట్టుకొని కూసొమ్మందామా?"

"మా తాత ఎడ్లబండి చక్రం ఏ బోల్టు మీద నిలవడ్డది మరి?"

ఎడ్లబండి ఇరుసు చివర చక్రం జారిపోకుండా గుచ్చే ఇనుప మేకు ఉంటుంది కదా, అదే శీల. దానికి మరలుండవు, కాబట్టి పట్టేసుకోదు. సుత్తితో ఒక్క దెబ్బ కొడితే బయటికి వస్తుంది. ఉస్తాద్ చాయ్ కప్పు కింద పెట్టాడు. చెవి మీది సుద్ద తీశాడు. మా గడప ముందర నేలంతా తెల్లబడేదాకా గీశాడు. ఆ రోజు ఒక్క గీత కూడా చెరపలేదు. అయ్యా, అమ్మా, నా ఇంటి గడప ముందు జరిగింది ఇది! నా బిడ్డ నోటి మాటతో!

ఆ తరువాత ఏడాది ఇద్దరూ అదే పని. బాయిలో ఆడవాళ్లు దిగకూడదని చట్టం. మరమ్మతుకు పైకి వచ్చిన బండి దగ్గర, అనుమతి తీసుకొని, బిడ్డ కొలతలు తీసుకునేది. రేకును రెండు ముక్కలు చేశారు, ఒక్క మనిషి ఎత్తగలిగేటట్టు. పైన రెండు కొక్కేలకు తగిలించి కింద ఒక్క శీల గుచ్చితే చాలు. గోడకు గుద్దే అంచుకు ఇనుము తీసేసి, బొగ్గు మోసే పాత బెల్టు ముక్క పెట్టారు. తగిలితే వంగి మళ్ళీ లేస్తుంది. మధ్యలో సందు వదిలారు, నీళ్లు కొడితే బురద జారిపోతుంది.

బిడ్డ మొదట గీసిన డ్రాయింగు చూసి ఆయన, "మంచిగున్నది బిడ్డా. గోడకు తగిలిస్తె ఇంక మంచిగుంటది. గని శీల అగ్గిపుల్లంత గీసినవేంది? బురద చేతికి దొరకాలె. బొటనవేలంత చెయ్యి" అన్నాడు. ఆమెకు కోపం వచ్చింది. మూడుసార్లు గీసింది.

మొదటి రేకు తయారైన రోజు వర్క్‌షాపులో అందరినీ పిలిచి, తన భుజం మీది తువ్వాల నా బిడ్డ కళ్లకు కట్టాడు. చేతులకు గ్రీజు పూశాడు. "తియ్యి" అన్నాడు. ఆమె తడుముకుంటూ శీల పట్టి లాగి, రేకు ఎత్తి కింద పెట్టింది. మా వాళ్లు చప్పట్లు కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగుండ్రి. తీసుడు ఎవలైనా తీస్తరు. ఇగ పెట్టు బిడ్డా." ఆమె పెట్టింది. అప్పుడు ఆయనే ముందు చప్పట్లు కొట్టాడు. నేను మాత్రం వెల్డింగు పొగ అని చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

మేనేజరు ఒప్పుకొని, కింద ఒక షిఫ్టు నడిపి చూడమన్నాడు. రోజు కూడా ఖాయమైంది. దానికి ముందు రోజే ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బాయిలు, బళ్లు, బస్సులు అన్నీ ఆగాయి. ఉస్తాద్ సమ్మెలో ముందు వరసలో ఉన్నాడు. కానీ ఆయన రిటైరు కావాల్సింది ఆ నెలాఖరుకే. నాకు పరేషాన్ పట్టుకుంది. సమ్మె టెంటులో ఆయన పక్కకు జరిగి మెల్లగా అన్నాను: "ఉస్తాద్, ఒక్క షిఫ్టే గద. అందరికి చెప్పి, రేకు పెట్టి సూసి వద్దాం."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "ఒక్క షిఫ్టే గద అన్న మాటకే ఒకని కన్ను వొయ్యింది. సమ్మె అంటె సమ్మె" అన్నాడు.

మా దగ్గర రిటైరయ్యే మనిషి ఆఖరి షిఫ్టు దిగి, పైకి వచ్చి, దీపాల గదిలో తన టోపీ దీపం, నంబరు బిళ్ళ అప్పగిస్తాడు. దండలు వేసి, డప్పులతో ఇంటిదాకా తీసుకుపోతారు. ఆయనకు ఆఖరి షిఫ్టు లేదు. దీపాల గదికి తాళం. మేం టెంటులోనే దండ వేశాం. సమ్మె కోసం తెచ్చిన డప్పులే ఆయన కోసం కూడా కాసేపు కొట్టాం. ఇత్తడి బిళ్ళ తీసుకునేవాళ్లు లేక ఆయన జేబులోనే ఉండిపోయింది. గేటు కడ్డీల్లోంచి వర్క్‌షాపు కనిపిస్తుంది. ఎర్ర రంగు వేసిన మా కొత్త రేకు గోడకు ఆనించి ఉంది. ఆయన కడ్డీలు పట్టుకొని దాన్నే చూస్తూ, "సూసినవా, పెట్టని రేకు లెక్కనే ఉన్నది" అన్నాడు.

సమ్మె ముగిసేసరికి ఆయన మా బాయి మనిషి కాదు. పాసు లేనివాళ్లను లోపలికి రానీయరు. రేకును నేనే కిందికి తీసుకుపోయి పెట్టాను. ఆయన గేటు బయట చెట్టుకింద కూర్చొని ఉన్నాడు. షిఫ్టు దిగి వచ్చి, "మంచిగున్నది ఉస్తాద్, ఒక్క దెబ్బకు వచ్చింది, ఒక్క దెబ్బకు పోయింది" అని చెప్పాను. నేను చెప్పింది వినడమే గాని, తన చేతుల పని చీకట్లో తిరగడం ఆయన కళ్లతో చూడలేదు. చూసే వీలు నా బిడ్డకూ లేదు. ఆ ఇద్దరికీ నేనే కళ్లు.

కొద్ది రోజులకే శీల బురదలో పడి దొరక్కుండా పోయింది. ఎవరో దాని బదులు బోల్టు దోపారు. మళ్ళీ పాత కథ. ఆ సంగతి ఫోన్లో చెబితే ఆయన, "గొలుసు పెట్టాలెనని నాకు ఎందుకు తట్టలే" అన్నాడు. శీలకు మూరెడు గొలుసు వెల్డు చేయించాం. అప్పటినుంచి ఫోను చేస్తే బాగున్నవా లేదు, తిన్నవా లేదు. "శీల ఉన్నదా?" అదే మొదటి మాట. "ఉన్నది ఉస్తాద్." అప్పుడు గాని మిగతా ముచ్చట్లు కావు.

పోయిన ఏడాది నుంచి ఆయనకు ఊపిరి అందడం తగ్గింది. మాట మధ్యలో ఆగి ఆగి, "రాష్ట్రం ముందొస్తదో, అన్ని బండ్లకు మన రేకు ముందొస్తదో సూద్దాం" అని నవ్వేవాడు. రాష్ట్రం ఇస్తామని ఢిల్లీలో అన్నారు, చేతికి ఇంకా రాలేదు. రేకే ముందు వచ్చింది. మా బాయిలో అన్ని లోడర్లకూ అదే పెట్టాలని కాగితం వచ్చింది. డ్రాయింగు మూలన ఆలోచన అని ఆయన పేరు, గీసినవారు అని నా బిడ్డ పేరు. ఆ మూలను నేను ఎన్నిసార్లు చదివానో! ఏడో తరగతి చదువు ఆ రెండు పేర్లు చదవడానికే పనికొచ్చిందనుకున్నాను. బిడ్డ ఇప్పుడు జనగామలో ట్రాలీలు చేసే వర్క్‌షాపులో పని చేస్తోంది. ఆమెను తీసుకొని, మిఠాయి కొని, ఫోన్లో చెప్పకుండా ఎదురుగా చూపించాలని బయలుదేరాను. ముందు రోజు ఫోన్లో చెప్పేసి ఉంటే బతికుండగా వినేవాడు. అది కూడా నా తప్పే.

ఆయన ఇంటికి చేరేసరికి జనం నిండి ఉన్నారు. వదిన నా చంకలో కాగితం చూసి, "ఏంది తమ్మీ గది?" అని అడిగింది. చెప్పాను. "అయితే నాకెందుకు చెప్తవు? ఆయినకు చెప్పు" అన్నది. నేను, బిడ్డ ఆయన పక్కన కూర్చొని కాగితం విప్పి పట్టుకున్నాం. చెవిలో చెప్పాను. చెప్పగలిగింది అంతే.

పాడె లేపే వేళకు ఒక చిక్కు వచ్చింది. వాకిలి గేటు సగమే తెరుచుకుంటుంది, వెనక నీళ్ల గోలెం అడ్డం. పాడె పట్టదు. "గేటు ఊడదియ్యాలె, పానా తెండ్రి" అని ఒకరు, "వెల్డింగోని గేటు పానాకు వస్తదా?" అని ఇంకొకరు. నా బిడ్డ ఏడుస్తూనే గేటు దగ్గరికి పోయింది. కళ్లు మూసుకొని చేత్తో కిందికి తడిమింది. బొటనవేలంత శీల దొరికింది. లాగింది. గేటును రెండు కొక్కేల మీంచి ఎత్తి, ఒక్కతే పక్కన గోడకు ఆనించింది.

"రిటైరై వచ్చినంక ముందుగాల జేసింది గా గేటే" అన్నది వదిన. "నన్ను గూడ కండ్లు మూసుకొని తియ్యమనెటోడు."

పాడె గేటు దాటింది. డప్పులు దూరమవుతున్నాయి. నేను నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను. గేటు గోడకు ఆనించి ఉంది. నా కాళ్లు ముందుకు పడలేదు.

కన్ను పోయిన ఆ డ్రైవరు కూడా వచ్చాడు. "పోదాం రా అన్నా, ఎనుకవడ్తం" అన్నాడు.

"గేటు పెట్టొస్త" అన్నాను.

అతను ఆగాడు. ఉన్న ఒక్క కంటితో నా చేతుల వంకే చూస్తూ నిలబడ్డాడు. నేను గేటు ఎత్తి కొక్కేలకు తగిలించాను. వంగి చూస్తే శీల ఎక్కడికీ పోలేదు. ఆయన దీనికీ పెట్టిన గొలుసుకు వేలాడుతూ, గేటు ఎత్తిన ఊపుకు మెల్లగా ఊగుతోంది.