ఖతీజాబీ బొటనవేలు

బుధవారం పొద్దున ఖతీజాబీ మా ఇంటికి వచ్చింది గానీ సిమెంటు ముట్టలేదు. బాత్రూం గడప మీద కూర్చుని, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, గోడలకేసి చూస్తూ ఉండిపోయింది.

గద్వాలలో టైల్స్ పని ఎక్కడ జరిగినా చివరికి ఆమె రావాల్సిందే. మేస్త్రీలు టైల్స్ అంటించి వెళ్లిపోతారు. వాటి మధ్య సందుల్లో తెల్ల సిమెంటు నింపి, తుడిచి, గోడను నున్నగా చేసేది ఖతీజాబీ. భర్త లాల్ అహ్మద్ పోయినప్పటి నుంచి ఆమెకు ఇదే బతుకుతెరువు. ఏ పనిముట్టూ వాడదు. సిమెంటు ముద్దను సందులో పెట్టి బొటనవేలితో నొక్కుకుంటూ పోతుంది. చేతికి తొడుగులు వేసుకోరాదా అని ఎవరైనా అంటే, "కండ్లకు గంతలు కట్టుకొని నడువమన్నట్టుంది" అని నవ్వుతుంది. వేసుకున్నా టైల్ అంచులకు అవి మధ్యాహ్నానికే చిరిగిపోతాయి.

మా ఇంట్లో నింపాల్సింది స్నానాల టబ్బు చుట్టూ ఉన్న మూడు గోడలు. మాలాంటి వాళ్లకు టబ్బు ఎందుకని అడిగినవాళ్లు చాలామంది. దాన్ని తెచ్చింది మా ఆయన, పేరు ఆశీర్వాదం. లారీ మీద కర్నూలు వెళ్లినప్పుడు, పడగొడుతున్న లాడ్జి దగ్గర చూసి, మా అమ్మాయి సరిత కోసం వేసుకొచ్చాడు. సరితకు పుట్టుకతోనే కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. గోరువెచ్చని నీళ్లలో ఉంచి సాగదీస్తే వదులవుతాయని డాక్టర్లు చెప్పారు. టబ్బు పెరట్లోనే ఉండిపోయింది. ఆయన పోయిన ఎండాకాలంలో కన్నుమూశాడు. అప్పటి నుంచి మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అడిగితే జవాబు, లేకపోతే అదీ లేదు.

ఈ మధ్యనే హైదరాబాదు దవాఖానలో సరిత కాళ్లకు ఆపరేషన్ అయింది. అప్పుడే టబ్బును బాత్రూంలో పెట్టించి, చుట్టూ టైల్స్ వేయించాను. మంగళవారం పట్టీలు విప్పారు. శుక్రవారం సాయంత్రం కాళ్ల వ్యాయామం చేయించే మేడం మహబూబ్‌నగర్ నుంచి వస్తుంది. ఆ రోజే నీళ్లలో మొదలుపెట్టాలని, ఆలస్యం చేస్తే నరాలు మళ్లీ బిగుస్తాయని గట్టిగా చెప్పింది. సందులు ఆరాలంటే పూర్తిగా రెండు రోజులు పడుతుంది. అంటే బుధవారమే పని అయిపోవాలి.

"ఏంది ఖతీజా, ఒంట్ల బాగలేదా?" అని అడిగాను.

"ఒళ్లు మంచిగనే ఉన్నదక్కా. వేలే లేదు."

కొంగులోంచి చేతులు తీసి చూపించింది. బొటనవేళ్ల మీద ఒక్క గీత కూడా లేదు. అరిగిపోయిన సబ్బుబిళ్లలా నున్నగా ఉన్నాయి.

అప్పుడు చెప్పింది. వాళ్ల నాయన కట్టిన రెండు గదుల ఇల్లు తమ్ముడు ఉవైస్ పేరు మీద ఉంది. ఆ తమ్ముణ్ని పెంచింది ఈమే. రియాద్ నుంచి సెలవు మీద వచ్చిన ఉవైస్, తనంతట తానే ఆ ఇల్లు అక్క పేరున రాస్తానన్నాడు. భార్య షాజియాకు అది ఇష్టం లేదు. శనివారం అతను మళ్లీ వెళ్లిపోతాడు. సోమవారం రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోతే, మిషన్ ఖతీజాబీ వేలిముద్ర తీసుకోలేదు. పది వేళ్లూ పెట్టి చూశారు. సిమెంటు ముట్టకుండా, నూనె రాసుకుని, శుక్రవారం రమ్మన్నారు.

"ఈసారి తప్పితే మళ్లా రెండేండ్లకు వస్తడు. గప్పటిదాక షాజియా ఊకుంటదా?"

"మరి ముందే చెప్పరాదా నాకు?"

"సరితమ్మకు మాట ఇస్తిని. ఒక్క పూటకు ఏమైతది అనుకుంట ఇంట్లకెళ్లి ఎల్లిన. గడప కాడికి వచ్చినంక కాళ్లు ఆడలే."

ఇంకొకరిని పిలుద్దామంటే ఎవరూ లేరు. పత్తి విత్తనాల చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పని నడుస్తోంది. తెల్లారేసరికి ఆటోలు నిండిపోయి ఆడవాళ్లంతా పూలు గిల్లడానికి వెళ్లిపోతున్నారు. టైల్స్ వేసిన బుచ్చన్నకు ఫోన్ చేశాను. స్పీకర్‌లో అతని గొంతు ఖంగుమంది.

"నేను నాగర్‌కర్నూల్ల ఉన్ననక్కా, ఆదివారం దాక రాను. ఖతీజా ఉన్నది గదా."

"ఆమెకు వేలిముద్ర పడ్తలేదంట, బుచ్చన్నా."

"గీతలు మళ్లొస్తయి తీ. ఆమె నఖరాలు వినకు. చెయ్యమను."

ఖతీజాబీ ఫోన్‌కు దగ్గరగా వంగింది. "నీ ఇల్లు నీ పేరు మీదనే ఉన్నది గదరా బుచ్చన్నా. నీకేం తెలుస్తది!"

ఫోన్ పెట్టేశాక లేచి నిలబడింది. "తియ్యి అక్కా సిమెంటు. చేస్త. నసీబ్‌ల ఉంటే పడ్తది, లేకుంటె లేదు."

లోపలి గదిలో సరిత దిండు మీద కాళ్లు పెట్టుకుని మా మాటలన్నీ వింటోంది. కట్టెల్లా సన్నబడిన కాళ్లు. చెయ్యమని అనలేకపోయాను. వద్దని కూడా అనలేకపోయాను. పెరట్లోకి పోయి గిన్నె తెచ్చుకున్నాను.

"నువ్వు చెప్పు. నేను చేస్త," అన్నాను.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "గిది రొట్టెల పిండి కాదక్కా."

"నువ్వు పుట్టంగనే నేర్చుకొని వచ్చినవా?"

ముందు టబ్బు నిండా నీళ్లు పట్టమంది. ఖాళీ టబ్బుకు సందు నింపితే, తర్వాత నీళ్లూ మనిషీ బరువు పడి టబ్బు కిందికి దిగుతుందట. అప్పుడు గోడకూ టబ్బుకూ మధ్య సిమెంటు పగిలి, గోడలోకి నీళ్లు పోతాయట. నింపేసి, చీర ఎగ్గట్టి, నీళ్లలో దిగి నిలబడ్డాను. టబ్బు అంచు నిజంగానే గోడ నుంచి కొంచెం కిందికి జారింది.

ఖతీజాబీ గడప దాటి రాలేదు. చేతులు చంకల్లో పెట్టుకుని అక్కడి నుంచే అరుస్తూ ఉంది.

"పలచగైంది, ఇంకో పిడికెడు పొడి వెయ్యి. నొక్కక్కా! బిడ్డ బుగ్గ నిమిరినట్టు నిమురుతున్నవేంది? గట్టిగ నొక్కు!"

నొక్కాను. బొటనవేలు మండడం మొదలైంది. ఒక వరుస పూర్తిచేసి వెనక్కి చూసేసరికి మొదటి సందులు ఆరిపోతున్నాయి. వాటిని తుడవబోతే చేతిలో కలిపినది గట్టిపడుతోంది. సరిత మంచం మీది నుంచే, "అమ్మా, మెల్లగ, జారుతవ్" అంటోంది. మధ్యాహ్నానికి మూడు గోడలూ అయ్యాయి. మిగిలింది టబ్బు అంచు వెంబడి ఉన్న సందు.

వెనక మూలకు వచ్చేసరికి సిమెంటు నిలవలేదు. అక్కడ సందు వేలంత వెడల్పు ఉంది. పెట్టిన ముద్ద పెట్టినట్టే లోపలికి జారిపోయింది. ఇంకో ముద్ద పెట్టాను. అదీ పోయింది. పక్కన నింపినది కూడా పగుళ్లిచ్చి కదలసాగింది. గిన్నెలో కలిపినది గడ్డకడుతోంది.

"జరుగక్కా! అంత పోతది!" అంటూ ఖతీజాబీ గడప దాటి వచ్చేసింది. చెయ్యి అప్పటికే గిన్నె మీదికి చాచింది.

"ముట్టకు!" అని అరిచాను.

ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆయన పోయాక నేను అంత గట్టిగా అరిచింది లేదు.

"ముట్టకుండ ఏం చెయ్యాల్నో చెప్పు. నోరున్నది గదా," అన్నాను.

ఖతీజాబీ ఇటూ అటూ చూసింది. గుమ్మం దగ్గర నా రబ్బరు చెప్పులు కనబడ్డాయి. "గా చెప్పు కోయక్కా. సన్నగ, తాడు లెక్క."

కత్తిపీట మీద చెప్పు అంచును పొడుగ్గా కోశాను. ఆ రబ్బరు ముక్కను మూల సందులో కుక్కితే లోపల బిగిసి నిలబడింది. దాని మీద కొత్తగా కలిపిన సిమెంటు పెట్టాను. ఈసారి జారలేదు. బొటనవేలి చర్మం లేచి ఎర్రబడినా తుడుచుకుంటూ చివరిదాకా పోయాను.

"రేపు పొద్దుగూకేదాక నీళ్లు తియ్యొద్దు. దాని మీద నీళ్లు దిగకుండ ట్యూబు మందు తర్వాత బుచ్చన్న పెడ్తడు," అంది ఖతీజాబీ. సందు వెంబడి ఒక కన్ను మూసి చూసి, "వంకర పోయింది," అని కూడా అంది.

శుక్రవారం నాటికి ఆ సందు ఎక్కడా పగలలేదు. సరితను పక్కింటి లలితమ్మకు అప్పజెప్పి, సాక్షి సంతకం పెట్టడానికి నేను ఖతీజాబీ వెంట రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాను. నాలుగు రోజులు కొబ్బరినూనె రాసుకున్న ఆమె వేళ్ల మీద గీతలు వచ్చీ రానట్టు ఉన్నాయి.

పిలిచారు. కుడి బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. తుడిచి మళ్లీ పెట్టింది. ఎర్ర లైటే. ఎడమది పెట్టింది. చూపుడువేలు పెట్టింది. వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు.

షాజియా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "పడుతలేదు గదా, ఇంటికి పోదాం పాండ్రి. మళ్లా వచ్చినప్పుడు చూసుకుంటే ఇల్లు ఏడికన్న నడిచిపోతదా?"

"జర చుప్ ఉండు," అన్నాడు ఉవైస్.

ఖతీజాబీ నుదుటి నిండా చెమట. మళ్లీ కుడి బొటనవేలు పెట్టి, పళ్లు బిగించి నొక్కింది. గోరు తెల్లబడిపోయింది. కంప్యూటర్ ముందున్నాయన తల పట్టుకున్నాడు. "ఎంత గట్టిగా నొక్కుతున్నవమ్మా! ఊరికే ఆనించు."

ఆమెకు ఊరికే ఆనించడం చేతకాలేదు. ఇన్నేళ్లుగా ఆ వేలికి తెలిసింది ఒకటే, నొక్కడం. మెల్లగా పెడుతున్నాననుకుంటూనే మళ్లీ నొక్కింది. మళ్లీ ఎర్ర లైటు.

"ఇంకొక్కసారి చూస్త. తర్వాత వేరేవాళ్లను పిలుస్త," అన్నాడాయన.

ఉవైస్ ముందుకొచ్చి అక్క మణికట్టు పట్టుకున్నాడు. "ఆపా, సందు కాదిది. చెయ్యి నాకిడిచిపెట్టు. నువ్వు ఏం చెయ్యకు."

ఆమె కళ్లు మూసుకుంది. అతను ఆ చేతిని మెల్లగా దించి, వేలిని అద్దం మీద పడుకోబెట్టినట్టు ఆనించాడు. మిషన్ కుయ్‌మని, పచ్చ లైటు వెలిగింది.

"పడిందా? నిజంగ పడిందా సారూ? మళ్లొకసారి చూడుండ్రి," అంది ఖతీజాబీ.

"వద్దు తల్లీ! ఇక నువ్వు పో!"

వెనక వరుసలో నవ్వులు. షాజియా బయటికి వెళ్లిపోయింది.

కాగితాలు చేతికి రావడానికి ఇంకా సమయం ఉందన్నారు. వరండాలో కూర్చున్నాం. ఆలోగా సరిత ఫోన్ చేసింది. మేడం వచ్చిందట, లలితమ్మ వేణ్నీళ్లు పోస్తోందట.

"మూలకు కారుతున్నదా చూడు," అన్నాను.

"కారుతలేదే అమ్మా. ఒక్క చుక్క గూడ లేదు. నన్ను దించుతున్నరు, పెట్టేస్తున్న."

ఆ వెంటనే ఖతీజాబీకి బుచ్చన్న నుంచి ఫోన్. రేపు నాగర్‌కర్నూల్ రమ్మని, మూడు బాత్రూంలున్నాయని అంటున్నాడు. "వస్త, పొడి తెప్పించి పెట్టు," అని ఫోన్ పెట్టేసింది. అంతలోనే మళ్లీ భయం పట్టుకున్నట్టుంది.

"అక్కా, కాయితం ఇచ్చేటప్పుడు మళ్లా వేలు పెట్టమంటరా?"

"నాకు తెల్వదు."

ఆమె రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుంది. ఆ తర్వాత కాగితం వచ్చేదాకా ఏదీ ముట్టుకోలేదు. దాహమంటే సీసా మూత తీసి నీళ్లు నేనే తాగించాను.