గుర్రం ఓడినా నవ్విన యాంకరమ్మ

ఈ రోజు ముదిగుబ్బ సంతలో పొట్టేలు అమ్ముడుపోక, మా మామ దాన్ని టీ అంగడి ముందు కట్టేసి లోపలికొచ్చి కూర్చున్నాడు. అక్కడ టీవీలో గుర్రపు పందేలు వస్తున్నాయి. కోటు వేసుకున్న యాంకర్ ముఖం ముడుచుకునే, గెలిచే గుర్రం ఏదో ముందుగా చెప్పేశాడు. పక్కనున్న యాంకరమ్మ తెగ పొగిడిన గుర్రం ఆఖరున వచ్చింది. అయినా ఆమె నవ్వుతూ దాని నడకను మళ్ళీ మెచ్చుకుంది.

“ఇద్దరిలో ఎవురు బాగా చెప్పినారు మామా?” అని అడిగాను.

“ఆయప్ప చెప్పింది నిజమేలేప్పా. అట్ల ముఖం పెట్టుకోని చెప్తే గుర్రానికే పరిగెత్తబుద్ధి కాదు. ఆ పాప సంతలో నా పక్కన నిలబడింటే ఈ పొట్టేలు పొద్దున్నే అమ్ముడుపోయిండేది.”

టీ తాగి బయటికొచ్చి, ఆమెలాగే నవ్వుతూ దారినపోయేవాళ్ళకు పొట్టేలు నడకను పొగడడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఆ మాటలు నమ్మింది పొట్టేలొక్కటే. మీలో ఎవరికైనా కావాలా?