పంతులమ్మ నడుముకి కట్టిన తాడు

మా చిన్నప్పుడు నన్ను చెట్టుకి కట్టేసేవారండీ...

అల్లరి చేశానని కాదు. మా అమ్మ పాత చీర చింపి, పీలికలు పేని తాడు చేసింది. ఒక కొస నా నడుముకి, రెండో కొస గట్టు మీది కొబ్బరిచెట్టుకి. నన్నలా కట్టి తను మట్టి తట్టలు మోసేది. కోనసీమ అంతా కాలవలు తవ్వుతున్న రోజులవి... తవ్విన చోటల్లా నీళ్ళు ఊరి గుంటలు పడేవి.

నాకు ముందు ఒక అన్న ఉండేవాడు. వాణ్ణి కట్టలేదు. అమ్మ తట్ట దింపి వెనక్కి తిరిగేసరికి వాడు గుంటలో ఉన్నాడు. అంతే... ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నాకు నడక వస్తూనే నడుముకి తాడు పడింది.

ఎంత అలవాటైపోయిందంటే, తాడు విప్పినా సరే, దాని పొడవు దాటి అడుగు వేసేదాన్ని కాదు. నవ్వకండి, నిజం.

మాది రాజోలు దగ్గర పల్లె. ఆ ఏడు మిషను వాళ్ళు మా ఊరి చివర తాటాకు పాక వేసి చిన్నపిల్లల బడి పెట్టారు. పనికి వెళ్ళే తల్లులు పిల్లల్ని అక్కడ దింపి వెళ్ళొచ్చని చాటించారు. మిషను దొరసాని ఎప్పుడైనా పడవలో వచ్చి చూసిపోయేది. రోజూ ఉండేది మాత్రం రూతమ్మ పంతులమ్మ. మన మనిషే... మొగుడు పోయాక మిషనులో కలిసింది.

మా నాయనమ్మ ససేమిరా అంది. వాళ్ళ గంజి తాగితే కులం పోతుందంది. బొట్టు చెరిపేస్తారంది. చివరికి పేరు కూడా మార్చేస్తారంది. నాన్న ఎప్పుడూ పడవ మీదే, ఇంటికి రావడమే అరుదు. కాబట్టి ఆ సాధింపంతా అమ్మే పడాలి. అంతా విని, కాళ్ళకి ఎండిన మట్టి గీక్కుంటూ ఒక్క మాట అంది.

"పేరు మార్చుకుంటే మార్చుకోనీండత్తా. పిలిస్తే పలకడానికి పిల్లంటూ ఉంటాది గదా."

నాయనమ్మ సరేనంది. గంజి మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్ళాలంది.

మర్నాడు అమ్మ ఒక చేత్తో నన్నూ, ఒక చేత్తో గంజి ముంతా పట్టుకుని బయల్దేరింది. తాడు భుజాన వేసుకుంది. పాపం, బడి అంటే ఏమిటో ఆవిడకేం తెలుసు! గట్టు మీద ఎండలో కట్టే బదులు పాకలో నీడన కడతారు కాబోలు అనుకుంది. తాడు పంతులమ్మ చేతికిచ్చి, ఏ గుంజకి కడతారో చూపించమంది.

పంతులమ్మ నవ్వలేదు. బడిలో ఏం చేస్తారో ఓపిగ్గా చెప్పింది... పాటలు నేర్పుతారట, ఇసకలో అక్షరాలు దిద్దిస్తారట, గంజి తాగే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేయిస్తారట, మధ్యాహ్నం కాసేపు పడుకోబెడతారట. అమ్మ అన్నిటికీ ఆయ్, ఆయ్ అంది. ఒక్కటీ చెవిన పడ్డట్టు లేదు. మళ్ళీ గుంజ వైపే చూసింది.

"ఇక్కడ పిల్లల్ని కట్టమమ్మా. కళ్ళతో చూసుకుంటాం," అంది పంతులమ్మ.

"నాకూ కళ్ళున్నాయండి. ఆ రోజూ ఉన్నాయి."

మా అన్న సంగతి ఆ చుట్టుపక్కల తెలియనిదెవరికి? పంతులమ్మ తాడు ఒక కొస నా నడుముకి కట్టి, రెండో కొస తన నడుముకే కట్టుకుంది. అమ్మ దగ్గరికొచ్చి రెండు ముళ్ళూ లాగి చూసింది. అప్పుడు పనికి వెళ్ళింది.

ఇక చూడండి మా అవస్థ... ఆవిడ నీళ్ళకి వెళితే వెనకాలే నేను. ఆవిడ ప్రార్థనకి మోకాళ్ళ మీద కూర్చుంటే పక్కన నేనూ కూలబడాల్సిందే. మిగతా పిల్లలు తమనీ కట్టమని ఒకటే గొడవ. దొరసాని వచ్చి ఇదేం పద్ధతని కోప్పడితే, తల్లి విప్పమన్నప్పుడు విప్పుతానండి అందట పంతులమ్మ.

సాయంత్రం అమ్మ రాగానే చూసేది నా మొహం కాదు. ముడి.

ఒక రాత్రి బడిలో విన్న కథ అమ్మకి చెప్పాను. తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం కాపరి కొండలన్నీ తిరిగాడని. ఒళ్ళు హూనమై పడుకున్న మనిషి, వింటోందో లేదో అనుకున్నాను. చీకట్లో అడిగింది, "దొరికిందా?" అని. దొరికిందన్నాను. గోడ వైపు తిరిగి పడుకుంది. చాలాసేపు ఏడ్చింది.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం అమ్మ బడికి వచ్చి, ముడి తడిమి, నిలబడలేక అలాగే నేల మీద కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగి నిద్రపోయింది. మోకాళ్ళ దాకా మట్టి, నెత్తి మీద తట్ట కింద పెట్టుకునే చుట్టకుదురు కూడా తీయలేదు. కొడుకు పోయినప్పటి నుంచి ఆవిడ కంటినిండా నిద్రపోయింది లేదని నాన్న అనేవాడు. పంతులమ్మ లేపలేదు. పిల్లలందరూ వెళ్ళిపోయినా, దీపాల వేళ దాటినా, తాడు విప్పకుండా అమ్మ పక్కనే కూర్చుంది.

మెలకువ రాగానే అమ్మ ఉలిక్కిపడి నేలంతా తడుముకుంది. చేతికి తాడు దొరికింది. దాన్ని పట్టుకుంటూ వస్తే చివర నేనున్నాను. పంతులమ్మ నడుము దగ్గరి ముడి అమ్మే విప్పింది.

మర్నాడు తాడు లేకుండానే బడికి వెళ్ళాం. నాయనమ్మ దాన్ని పెరట్లో దండెంగా కట్టుకుంది. నా బొట్టూ చెరగలేదు, పేరూ మారలేదు.

ఇప్పుడు ఆ పాక చోట బడికి పెంకుటిల్లు లేచింది. తల్లులు గుమ్మంలో నిలబడి అడుగుతుంటారు... ఎన్ని పద్యాలొచ్చాయి, లెక్కలెప్పుడు చెబుతారు, ఇంగ్లీషు వస్తుందా అని. అడగాలి, తప్పేముంది? మా అమ్మకి ఇన్ని అడగడం తెలియదు. సాయంత్రం తనొచ్చేసరికి పిల్ల ఉండాలి, అంతే.

మా మనవణ్ణి దింపడానికి రోజూ నేనే వెళతాను. వాడు చెయ్యి విడిపించుకుని లోపలికి పరిగెడతాడు, వెనక్కి కూడా చూడడు. మంచిదే. నేనే అక్కడ నిలబడి ఒకసారి నా నడుము తడుముకుని వస్తాను...

మిమ్మల్ని మొదటిసారి ఎవరి దగ్గరో వదిలి వెళ్ళేటప్పుడు మీ అమ్మ ఏమడిగిందో తెలిస్తే నాకూ చెప్పండి. తెలియకపోతే, ఆవిడ ఉన్నప్పుడే అడగండి.