సెంట్రింగు తీసింది నేనే

మా ఇంటి కప్పు కుంగడానికి తాపీమేస్త్రీ కారణమని తిరువూరులో పాతికేళ్లుగా అందరూ నమ్ముతున్నారు. వాళ్లను నమ్మించింది నేను.

డెబ్బైల్లో, హైస్కూల్లో సైన్సు మాస్టారుగా ఉన్నప్పుడు, బజారు వెనక వీధిలో ఒక పాత మిద్దె కొన్నాను. దాన్ని ఇల్లు అనడం మర్యాదకే. రెండు పక్కలా పొరుగువాళ్ల గోడలు. వాటి మధ్య రైలుపెట్టెలాగా వరసగా వసారా, ముందుగది, నడిమిగది, వంటిల్లు. నడిమిగదిలో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. బియ్యంలో రాళ్లు ఏరాలంటే నా భార్య చేట పట్టుకుని వీధి అరుగు మీదికి రావాల్సిందే. ఆవిడ కళ్ల గురించి నాకేమీ బెంగ లేదు. మాస్టారి భార్య వీధిలో కూర్చుందని నలుగురూ అనుకుంటారనే నా బాధంతా.

ముందుగదికీ నడిమిగదికీ మధ్య ఉన్న గోడ తీయించేస్తే వీధిలో వెలుగు వంటింటి దాకా వస్తుందని లెక్క వేశాను. నాకు కుదిరిన మేస్త్రీ ముస్లిం, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను ఆయన్ని నువ్వు అనేవాణ్ణి, ఆయన నన్ను మీరు అనేవాడు. అప్పట్లో నాకది సహజంగానే తోచింది. కప్పు దూలాలన్నీ ఆ గోడ మీదే ఉన్నాయనీ, వాటి కింద కాంక్రీటు బీము పోస్తే తప్ప గోడ తీయకూడదనీ ఆయన చెప్పాడు. నేను సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీసి, బరువులూ ఆధారాలూ అంటూ ఆయనకే పాఠం చెప్పాను. ఓపిగ్గా విని, తను అనుకున్నట్టే పని చేశాడు. ఆ ఓపికను నేను అజ్ఞానమనుకున్నాను.

దూలాలకు ఊతగా కర్రలు నిలబెట్టి, గోడ తీసి, బీము పోశాడు. మూడు వారాలు గోనెలు కప్పి తడపాలనీ, అప్పటిదాకా బీముకు ఊతగా ఉన్న సెంట్రింగు కర్ర ఒక్కటి కూడా కదపొద్దనీ రెండుసార్లు చెప్పాడు. తొమ్మిదోరోజు శుక్రవారం. ఆ మధ్యాహ్నం బస్సుకు రెడ్డిగూడెం నుంచి మా అత్తమామలు వస్తున్నారు. ఆదివారం పాలు పొంగించాలి. కొత్త హాలు చూసి మామగారు మెచ్చుకోవాలని నా ఆశ. ఆ హాలు నిండా అడవిలాగా కర్రలు. మేస్త్రీ జుమ్మా నమాజుకు వెళ్లాడు. నేను పలుగు తెచ్చి, కర్రల కింద బిగించిన చెక్కముక్కలు కొట్టేశాను. కర్రలు పడిపోయాయి, బీము నిలబడింది. మేస్త్రీలు పని సాగదీయడానికే ఇన్ని వారాలు చెబుతారని నాలో నేను నవ్వుకున్నాను. కర్రలు పెరట్లో పడేసి, హాలు ఊడ్చి, మామగారికి కుర్చీ వేశాను.

ఆయన మజ్జిగ తాగుతుండగా బీము మధ్యలో చిట్లింది. కప్పు రెండు అంగుళాలు దిగింది. సున్నం రాలి అందరి నెత్తిన పడింది.

అప్పుడే మసీదు నుంచి మేస్త్రీ వచ్చాడు. అందర్నీ వీధిలోకి పంపి, పెరట్లో కర్రలు ఒక్కడే మోసుకొచ్చి, ఆ కప్పు కిందే నిలబడి మళ్లీ ఊతలు బిగించాడు. సైన్సు తెలిసిన నేను అరుగు మీద నిలబడి చూశాను. పని అయ్యాక ఆయన బయటికి వచ్చాడు.

"కర్రలెవరు తీశారండీ?"

మామగారు నా వైపు చూశారు.

"అదేంటి మేస్త్రీ, పొద్దున నువ్వే కదా తీసింది?" అన్నాను.

"నేను తియ్యలేదు సార్."

"శుక్రవారం కదా అల్లుడుగారూ, మనసు పని మీద ఎందుకుంటుంది?" అన్నారు మామగారు. వీధిలో చేరినవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

మేస్త్రీ పనిముట్లు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

పలుగు దెబ్బలు తను విన్నానని ఆ రాత్రి నా భార్య అంది. ఆ మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. నేను మాత్రం స్టాఫ్ రూములో ఆ కథకు రోజుకో మెరుగు పెట్టి చెప్పాను. పెనుగొలనులో మామగారి తమ్ముడు మేస్త్రీకి ఇస్తానన్న ఇంటి పని ఇంకొకరికి ఇచ్చాడు. తర్వాత ఊళ్లోనూ ఆయన్ని ఎవరూ పనికి పిలవలేదు. మేస్త్రీగా బతికిన మనిషి, తను పని నేర్పినవాళ్ల దగ్గరే ఇటుకలు అందించే కూలీ అయ్యాడు. గంపలగూడెంలో కడుతున్న ఒక ఇంటి దగ్గర తట్ట నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కుతుంటే చూశాను. సైకిలు ఆపకుండా వచ్చేశాను. నేను చిట్లిన బీము తీయించి, అక్కడే మళ్లీ గోడ కట్టించి, ఆ చీకట్లోనే కాపురం చేశాను.

పోయిన ఏడు మేస్త్రీ ఇంటికి వెళ్లాను. మంచం మీద ఉన్నాడు. తప్పు నాదేనని చెప్పాను. క్షమిస్తాడనే ఆశ కూడా ఉంది, సిగ్గు లేకుండా.

"నాకెందుకు చెబుతారు మాస్టారూ, నాకు తెలుసు కదా," అన్నాడు. "తెలియనోళ్లకి చెప్పండి."

మొదట మామగారికి చెప్పాను. "ఇన్నేళ్ల తర్వాత ఎందుకు పరువు తీసుకోవడం?" అన్నారు. పోయేది నా పరువు ఒక్కటేనని ఆయన లెక్క. రెండో మనిషికి పరువుంటుందని ఆయనకు ఇప్పటికీ తోచలేదు. నాకైనా తోచడానికి పాతికేళ్లు పట్టింది. అందుకే ఇక ఒక్కొక్కరికీ చెప్పడం మాని, అందరూ చదివేలా రాస్తున్నాను. ఆ మేస్త్రీ పనిలో లోపం లేదు.