అత్తయ్య కారుకు బ్రేకులు

మా అత్తయ్య పోయి నెల దాటింది. ఆ ఉదయం నేను నెల్లూరులో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ రొయ్యల గుంట కట్ట మీద పడిపోయింది, ఆస్పత్రికి తెస్తా ఉండాం" అన్నాడు. నేను వెళ్ళేసరికే అంతా అయిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. అరవై కూడా నిండలేదు ఆమెకు.

పరామర్శకు వచ్చినవాళ్ళు ఆమె చేపల పులుసు గురించి చెప్పారు, గుంటల్లో రొయ్యకు జబ్బు వస్తే నీళ్ళ వాసనతోనే పసిగట్టేదని చెప్పారు. అన్నీ నిజమే. నేను మీకు చెప్పాలనుకున్నది మాత్రం ఆమె కారు సంగతి. అందులోనూ ఆ కారుకు బ్రేకులు ఎంచుకున్న కథ. నా పెళ్ళయ్యాక అంత సంబరంగా గడిచిన రోజులు వేరే లేవు.

ఇందుకూరుపేట దగ్గర మా ఇల్లు. అత్తయ్య రొయ్యల మేత బస్తాల ట్రక్కు నడిపీ నడిపీ, ఒక పంట బాగా వచ్చిన ఏడు, తనకోసం చిన్న కారు కొనుక్కుంది. చిన్నదే గానీ హుషారైన ఇంజను. ఎరుపు రంగు. ఒకసారి మా ఆయన స్నేహితుడొకడు చెన్నై దాటాక ఒక రేస్ ట్రాక్ ఉందని, కొన్ని ఆదివారాలు మామూలు జనం కూడా తమ కార్లు తెచ్చి నడపవచ్చని చెప్పాడు. చూసొద్దామని బయలుదేరాం. చూడటానికి వెళ్ళిన అత్తయ్య హెల్మెట్ అరువు తీసుకుని తిప్పడానికి దిగింది.

నేను గోడ పక్కన నిలబడి చూస్తున్నాను. మొదట్లో అందరూ ఆమెను దాటిపోయారు. తర్వాత ఆమే ఒకరిద్దరిని దాటింది. ఇంకాసేపటికి, పొడవాటి తిన్నని రోడ్డు చివర మలుపు దగ్గర, కారు మలుపు తిరగకుండా నేరుగా పోయి ఇసుకలో దిగబడింది. పరిగెత్తుకుంటూ పోయాను. తలుపు తీసి దిగింది. ముఖం వెలిగిపోతోంది.

"కాలు అడుక్కంటా పొయ్యింది మే, కారు మాత్రం పోతానే ఉండాది" అంది.

బ్రేకులు వేడెక్కి లోపలి ఆయిల్ మరిగిందని అక్కడివాళ్ళు వివరించారు. మరిగితే బుడగలు పుడతాయి, పెడల్ మెత్తబడి పోతుంది. ఇంకెవరైనా అయితే ఇక చాలు అనుకునేవారు. అత్తయ్య తిరుగు దారిలో సూళ్ళూరుపేట దాకా ఒకటే మాట: మంచి బ్రేకులు వేయించుకుని మళ్ళీ రావాలి.

మా ఆయన కారు అమ్మేయమన్నాడు. మామయ్య తక్కువ మాట్లాడే మనిషి. రాత్రి భోజనాల దగ్గర అంతా విన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఆ ట్రాకు మీద ఎంత బాగా ఆగినా నాకు లెక్క లేదు. మన మైపాడు రోడ్డు మీద, పొద్దన్నే, సల్లటి బండి, ఏదన్నా అడ్డమొస్తే ఆగాల. ఆగితే నీ ఇష్టం. ఆగకపోతే అమ్మేద్దాం" అన్నాడు. అత్తయ్య సరేనంది.

మొదట ఆమె మనసు పెద్ద బ్రేకుల మీద పడింది. చెన్నైలో ఒక షాపులో చూపించారు: పళ్ళెమంత డిస్కు, దాన్ని పట్టుకునే ఎర్రటి క్యాలిపర్. ఫోన్లో ఆ బొమ్మ పెట్టుకుని రోజుకు పదిసార్లు నాకు చూపించేది. అయితే కొనేముందు మా చక్రంలో పడుతుందో లేదో చూడాలి కదా. షాపువాడు పంపిన కొలతలతో, మేత కంపెనీ అట్టపెట్టె ఒకటి తెచ్చి, వరండాలో కూర్చుని కత్తెరతో క్యాలిపర్ ఆకారం కత్తిరించింది. నేను చక్రం పట్టుకున్నాను. అట్ట లోపలికి పోలేదు. ఇంకోవైపు తిప్పి చూసింది. ఊహూ. పెద్ద చక్రాలు వేయిస్తే సరిపోతుంది గానీ, వాటికి టైర్లు పలచన. మా రొయ్యల గుంటల దారిలో గతుకులకు అవి వారం నిలవవు. ఆ సాయంత్రం ఆమె ఆ అట్టముక్కతో విసురుకుంటూ కూర్చుంది. నేను టీ ఇస్తే తాగి, "పోన్లే, అందంగా ఉండాది గానీ మనది కాదు" అంది.

మర్నాటికే కొత్త ఉత్సాహం. డిస్కులు ఉన్నవే ఉంచి, వాటిని ఒత్తే ప్యాడ్లు మాత్రం అసలు రేసు కార్లవి వేస్తే? తెప్పించింది. నెల్లూరులో మెకానిక్ బిగిస్తూ, ఇవి కాగితే గానీ పట్టవమ్మా అని హెచ్చరించాడు. ఆమె తల ఊపింది గానీ చెవికెక్కలేదు.

రెండో రోజు తెల్లవారుజాము మంచులో మైపాడు వైపు బయలుదేరాం. పక్క సందులోంచి చేపల బుట్టతో మోపెడ్ మీద ఒకామె రోడ్డెక్కింది. అత్తయ్య బ్రేకు తొక్కింది. పెడల్ గట్టిగానే ఉంది, కారు మాత్రం ఆగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు జారింది. స్టీరింగ్ తిప్పి పక్కనున్న ఇసుకలోకి దించింది. మోపెడామె బెదిరి ఆ పక్కన పడింది. దెబ్బలు తగల్లేదు, చేపలన్నీ రోడ్డు పాలయ్యాయి. ఆమె తిట్టిన తిట్లు అత్తయ్య నిలబడి పూర్తిగా పడింది. తర్వాత ఇద్దరం వంగి చేపలు ఏరి, బోరింగు దగ్గర కడిగి బుట్టలో వేశాం.

ఇంటికి రాగానే తలుపు దగ్గరే నిలబడి మామయ్యకు జరిగింది జరిగినట్టు తనే చెప్పింది. "నీ మాట నిజమే. ఆగలా" అంది. ఆ మధ్యాహ్నమే ఆ ప్యాడ్లు ఊడదీయించింది. కారు అమ్మేస్తారనే అనుకున్నాను. మామయ్య అమ్మమని అడగలేదు. ఆమె మూడు రోజులు కారు తీయలేదు.

నాలుగో రోజు పొద్దున పప్పు రుబ్బుతున్న నా దగ్గరికి వచ్చి కూర్చుంది. మనం ఆకలి ఎంతో చూడకుండా వడ్డించుకున్నాం, అదీ తప్పు అంది. ట్రాకు మీద చెడిపోయింది ముందు ఆయిల్. అయితే ముందు ఆయిల్ మార్చాలి. తొందరగా మరగనిది పోయాలి. రబ్బరు గొట్టాలు ఉబ్బకుండా పైన స్టీలు అల్లిక ఉన్నవి వేయాలి. ప్యాడ్లు మరీ రేసువి వద్దు, చల్లగా ఉన్నా పట్టేవి, కొంచెం ఎక్కువ వేడికి ఓర్చేవి. బంపర్ కింద నుంచి డిస్కుకు గాలి తగిలేలా ఒక గొట్టం. అంతే. చెబుతూ చెబుతూ ఆమె గొంతు పెరిగింది. నేను రుబ్బడం ఆపేశాను. నాకు కూడా ఆత్రం పుట్టింది.

అన్నీ బిగించాక ప్యాడ్లు డిస్కుకు కుదురుకోవాలని, ఖాళీగా ఉన్న బైపాస్ మీద వేగం పెంచడం, తగ్గించడం, మళ్ళీ పెంచడం. నేను అద్దంలో వెనక ఎవరైనా వస్తున్నారేమో చూసి చెప్పేదాన్ని. కారంతా కాలిన వాసన. ఆమెకు ఆ వాసన కొత్త పుస్తకం వాసనలా నచ్చింది.

పరీక్ష రోజు మామయ్య కండువా సర్దుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. పొద్దున్నే, చల్లటి బండి, మైపాడు రోడ్డు. నేను వెనక. ముందూ వెనకా ఎవరూ లేని చోట అత్తయ్య వేగం అందుకుని, చెప్పకుండా బ్రేకు తొక్కింది. బెల్టులు మమ్మల్ని పట్టేశాయి. కారు గీత గీసినట్టు నిలబడింది. మామయ్య కళ్ళజోడు ఎగిరి ఆయన కాళ్ళ దగ్గర పడింది. తీసుకుని, కండువాతో తుడిచి పెట్టుకుని, "ఇంక పో" అన్నాడు. అత్తయ్య నా వైపు తిరిగి చూసిన చూపు నేను మర్చిపోలేను.

మళ్ళీ ట్రాకుకు వెళ్ళిన ఆదివారం నేనూ హెల్మెట్ పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాను. ఆ పొడవాటి రోడ్డు చివర, క్రితంసారి ఇసుకలోకి పోయిన మలుపు దూసుకొస్తోంది. నా కాలు అక్కడ లేని బ్రేకును తొక్కేస్తోంది. ఆమె ఇంకా తొక్కలేదు. తొక్కింది. నా మెడ ముందుకు వంగిపోయింది, కారు ముక్కు దించి, మెత్తగా మలుపులోకి తిరిగింది. రౌండు తర్వాత రౌండు, పెడల్ అదే ఎత్తులో, అదే గట్టితనంతో. హెల్మెట్‌లో ఆమె ఏదో అరుస్తోంది, ఇంజను మోతలో నాకు వినపడటం లేదు. నేనూ అరుస్తున్నాను.

నేను ఆ ఇంటికి వచ్చినప్పుడు స్కూటీ కూడా నడపలేకపోయేదాన్ని. ఇప్పుడు నడుపుతాను, కారు కూడా. భయమేస్తే ఆపు, ఆపడం చేతనైతే భయం దానంతటదే తగ్గుద్ది అనేది అత్తయ్య నాకు నేర్పుతూ. కోడలికి అత్త ఇచ్చేవి చాలా ఉంటాయంటారు. నాకు ఇది ఇచ్చింది.

ఆ తర్వాత కూడా చాలాసార్లు వెళ్ళాం. కిందటి డిసెంబరులో ఆఖరుసారి. ట్రాకు మీద తుంపర పడి ఆగింది, చలిగాలి. ఆమె చివరి రౌండు ముగించి వచ్చి, హెల్మెట్ తీసి, ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుంది. డిస్కులోంచి వేడి ఆవిరిలా లేస్తోంది. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. రెండు అరచేతులూ చక్రం వైపు చాపి, నన్ను చూసి పక్కకు జరిగింది.

"రా మే, చలి కాచుకుందాం" అంది.